సాల్ట్‌బర్న్: తగ్గుతూ తగ్గుతూ నిలబడ్డ సముద్రపు ఊరు

క్లుప్తంగా: ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో కొండ అంచు మీద ఉన్న సాల్ట్‌బర్న్-బై-ద-సీ జనాభా సుమారు 6 వేలు. 1860లలో ఇనుము, రైలు వ్యాపారుల డబ్బుతో పుట్టింది. నీళ్ల బరువుతో నడిచే 1884 నాటి లిఫ్ట్ ఇక్కడ ఇప్పటికీ తిరుగుతోంది. యార్క్‌షైర్ తీరంలో మిగిలిన ఒకే ఒక్క విహార పియర్ (సముద్రంలోకి సాగే నడకదారి) కూడా ఇక్కడిదే. ఇంగ్లండ్‌లో చాలా సముద్రతీర పట్టణాలు కళ తప్పిపోతే ఇది ఎలా నిలబడింది? అనుకున్నంత పెద్దది కాలేకపోవడం, ఉన్నవాటిని కుదించుకోవడం, రైలు లైను ఆగకపోవడం దీనికి ముఖ్య కారణాలుగా కనిపిస్తాయి.

మిడిల్స్‌బ్రోలో ఎక్కిన లోకల్ రైలు రెడ్‌కార్ మీదుగా సుమారు అరగంట ప్రయాణించి సాల్ట్‌బర్న్‌లో ఆగిపోతుంది. ప్రయాణికుల రైళ్లకు అదే చివరి స్టేషన్. మిడిల్స్‌బ్రోలోని టీసైడ్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు బాగానే చదువుతున్నారు కాబట్టి ఈ పేరు కొన్ని తెలుగు ఇళ్లలో వినబడే ఉంటుంది. ఇదే పేరుతో 2023లో ఒక సినిమా వచ్చింది. అది ఒక జమీందారీ భవనం కథ, ఈ ఊరితో దానికి సంబంధం లేదు. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు ఇక్కడే తికమక పడుతుంటారు.

ఊరు రెండు అంతస్తుల్లో ఉంటుంది. ఇళ్లు, దుకాణాలు, స్టేషన్ అన్నీ కొండ మీద. బీచ్, పియర్, సర్ఫింగ్ పలకలు అద్దెకిచ్చే చోట్లు కింద. రెండింటి మధ్య ఎత్తు దాదాపు 120 అడుగులు. ఈ ఊరి చరిత్రలో సగం ఆ ఎత్తును ఎలా దాటాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇనుము, రైలు, క్వేకర్లు

పాత సాల్ట్‌బర్న్ అంటే కొండ కింద, వాగు సముద్రంలో కలిసే చోట ఉన్న గుప్పెడు బెస్తవాళ్ల ఇళ్లు, షిప్ ఇన్ అనే సత్రం. 18వ శతాబ్దం చివర్లో ఆ సత్రం నడిపిన జాన్ ఆండ్రూ ఈ తీరంలో పేరుమోసిన స్మగ్లర్. పన్ను ఎగ్గొట్టి సరుకు దించుకోవడానికి వీలైన తీరం ఇది. కొండ మీద మాత్రం పొలాలు తప్ప ఏమీ లేవు.

మార్పు లోతట్టు ప్రాంతం నుంచి వచ్చింది. 1825లో మొదలైన స్టాక్టన్-డార్లింగ్టన్ రైల్వే వెనుక ఉన్నది పీజ్ కుటుంబం. వాళ్లు క్వేకర్లు. నిరాడంబరంగా బతకడం, యుద్ధాన్ని వ్యతిరేకించడం, వ్యాపారంలో మాట తప్పకపోవడం ఆ క్రైస్తవ శాఖ పద్ధతి. ఎడ్వర్డ్ పీజ్ ఆ రైల్వేకు మూలపురుషుడు. ఆయన కొడుకు జోసెఫ్ బొగ్గు ఎగుమతి కోసం టీస్ నది ఒడ్డున పొలాలు కొని మిడిల్స్‌బ్రో పట్టణానికి పునాది వేశాడు. 1850లో మిడిల్స్‌బ్రో దగ్గరి ఎస్టన్ కొండల్లో ఇనుప ఖనిజపు పెద్ద పొర బయటపడింది. ఆ తర్వాత క్లీవ్‌లండ్ ప్రాంతమంతా గనులు, కొలిమిలతో నిండిపోయింది.

జోసెఫ్ తమ్ముడు హెన్రీ పీజ్ సాల్ట్‌బర్న్‌కు ఆద్యుడు. 1854లో క్రిమియా యుద్ధాన్ని ఆపాలని క్వేకర్ల తరఫున రష్యా వెళ్లి జార్ నికొలస్‌ను కలిసిన ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ రాయబారం ఫలించలేదు. కొన్నేళ్ల తర్వాత పక్కనే మార్‌స్క్‌లో ఉన్న అన్న ఇంటికి వచ్చినప్పుడు తీరం వెంట నడుస్తూ ఇక్కడిదాకా వచ్చాడట. ఈ కొండ అంచున ఒక పట్టణం, కింద లోయలో తోట ఆయన కళ్ల ముందు మెదిలాయని కుటుంబం చెప్పుకొన్న కథ. కథలో భక్తిపాలు కొంత ఎక్కువే. ఆయన రైల్వే వ్యాపారి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇనుప ఖనిజం కోసం క్లీవ్‌లండ్ వైపు పట్టాలు ఎలాగూ వేస్తున్నారు. వాటి చివర ఒక విహారపట్టణం ఉంటే ఖనిజంతో పాటు టికెట్ల డబ్బు కూడా వస్తుంది.

పని చకచకా జరిగింది. సాల్ట్‌బర్న్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పెట్టి, ఎర్ల్ ఆఫ్ జెట్లండ్ దగ్గర భూమి తీసుకుని, డార్లింగ్టన్ సర్వేయర్ జార్జ్ డికిన్సన్‌తో ప్లాన్ గీయించారు. 1861 ఆగస్టులో రైలు వచ్చేసింది. మామూలుగా ఊరు పెరిగాక రైలు వస్తుంది. ఇక్కడ రైలు వచ్చాక ఊరు కట్టారు.

గీసిన ఊరు వేరు, కట్టిన ఊరు వేరు

డికిన్సన్ ప్లాన్‌లో ఒక తెలివి ఉంది. సముద్రానికి ఎదురుగా ఒక్క వరుసే కడితే ఆ వరుసకే దృశ్యం దక్కుతుంది. అందుకని చాలా వీధుల్ని సముద్రం వైపు తిన్నగా సాగేలా గీశాడు. ఏ వీధిలో నిలబడినా చివర నీలిరంగు ముక్క కనిపిస్తుంది. ఈ వీధులకు రత్నాల పేర్లు పెట్టారు: కోరల్, గార్నెట్, రూబీ, ఎమరాల్డ్, పెర్ల్, డైమండ్, ఆంబర్. ముఖ్యమైన భవనాలకు పీజ్ కుటుంబం సొంత బట్టీల నుంచి లేత రంగు ఇటుక వచ్చింది. డర్‌హమ్ గనుల దగ్గర ఆ బట్టీలుండేవి.

1863లో తెరిచిన జెట్లండ్ హోటల్ ఈ ప్రణాళికకు తలమానికం. రైల్వే ఆర్కిటెక్ట్ విలియం పీచీ గీసిన భవనం. స్టేషన్ దాటి పట్టాల్ని ఇంకాస్త పొడిగించి హోటల్ వెనక గుమ్మం దాకా తెచ్చారు. ఫస్ట్ క్లాస్ అతిథి వాన చినుకు పడకుండా రైలు పెట్టెలోంచి నేరుగా హోటల్లోకి దిగేవాడు. లోయలోని తోటలో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ పేరిట కట్టిన స్మారకం కూడా రైల్వే సరుకే. అదంతా బార్నార్డ్ కాజిల్ స్టేషన్ ముఖద్వారపు స్తంభాలు. స్టేషన్‌కు అక్కర్లేకపోతే ఊడదీసి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

అయితే ప్లాన్‌లో ఉన్నంత ఊరు ఎప్పుడూ లేవలేదు. 1870ల మధ్యలో ఇనుము ధరలు పడిపోయాయి. రైలు పట్టాలకు ఇనుము బదులు ఉక్కు వాడకం పెరిగింది. క్లీవ్‌లండ్ సంపద ఇనుప పట్టాల మీదే ఆధారపడి ఉండడంతో దెబ్బ గట్టిగా తగిలింది. ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ కుదేలైంది. దాని ఆస్తులు మిడిల్స్‌బ్రో ఎస్టేట్ యజమానుల చేతికి వెళ్లాయి. 1881లో హెన్రీ పీజ్ చనిపోయాడు. 1902లో పీజ్ కుటుంబపు బ్యాంకే కుప్పకూలింది. నడవాల్సిన కట్టడం నడిమధ్యలో ఆగిపోయింది.

అప్పట్లో దీన్ని వైఫల్యమనే అనుకొని ఉంటారు. నూరేళ్ల తర్వాత చూస్తే లెక్క తిరగబడింది. పెద్ద పెద్ద హోటళ్లు, వందల కొద్దీ లాడ్జిలు కట్టుకున్న పట్టణాలకు పర్యాటకులు తగ్గినప్పుడు అవన్నీ గుదిబండలయ్యాయి. సాల్ట్‌బర్న్‌లో ఖాళీ అవడానికి అన్ని గదులే లేవు. జెట్లండ్ హోటల్ తర్వాతి కాలంలో అపార్ట్‌మెంట్లుగా మారింది. హోటల్ దాకా వచ్చిన పట్టాలు ఇప్పుడు లేవు.

నీళ్ల బరువుతో నడిచే లిఫ్ట్

కొండ మీద హోటల్, కింద బీచ్. దిగడానికి ఉత్సాహం ఉన్నా ఎక్కి రావడానికి ఓపిక ఉండదు. 1870లో దీనికి తొలి జవాబుగా ఒక చెక్క లిఫ్ట్ నిలబెట్టారు. బీచ్ దగ్గర 120 అడుగుల నిట్టనిలువు గోపురం, దానిలో 20 మంది పట్టే పెట్టె, పై నుంచి కొండ అంచుకు సన్నటి నడవ. గోపురాన్ని తాళ్లతో బిగించి కట్టారు. సముద్రపు గాలిలో ఇలాంటిది ఎక్కడానికి జనం జంకారంటే వింతేమీ లేదు. 1883లో తనిఖీ చేస్తే ఆధారపు దూలాలు పుచ్చిపోయి ఉన్నాయి. దాన్ని మూసేశారు.

మరుసటి ఏడాది 1884 జూన్‌లో ఇప్పటి లిఫ్ట్ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లోని టాంజీ కంపెనీలో పనిచేస్తున్న జార్జ్ క్రాయ్‌డన్ మార్క్స్ అనే యువ ఇంజనీరు దీన్ని రూపొందించాడు. తర్వాత ఆయన పార్లమెంటు సభ్యుడై ప్రభువుల సభ దాకా వెళ్లాడు. నిలువు గోపురం ఆలోచన వదిలేసి కొండవాలు మీదే పట్టాలు వేశాడు. పట్టాల పొడవు 207 అడుగులు, వాలు 71 శాతం.

పనిచేసే తీరు బావి గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టుంటుంది. రెండు పెట్టెలు. పైన ఉన్న పెద్ద చక్రం మీదుగా ఉక్కు తాడు రెండింటినీ కలుపుతుంది. ఒకటి దిగితే రెండోది ఎక్కాల్సిందే. ప్రతి పెట్టె అడుగున నీళ్ల ట్యాంకు ఉంటుంది. పైన ఉన్న పెట్టె ట్యాంకులోకి, అది కింది పెట్టె కంటే బరువయ్యేదాకా నీళ్లు వదులుతారు. బరువు పెరిగిన పెట్టె దిగుతుంది, తేలికది ఎక్కుతుంది. పైన కూర్చున్న ఆపరేటర్ బ్రేకుతో వేగాన్ని అదుపు చేస్తాడు. కిందికి చేరిన పెట్టె నీళ్లు వదిలేస్తుంది. ఆ నీటిని పంపుతో మళ్లీ పైకి ఎక్కిస్తారు.

ఇందులో మెలకువంతా లెక్కలో ఉంది. రెండు పెట్టెల సొంత బరువు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మిగిలేది ప్రయాణికుల తేడా మాత్రమే. కింది పెట్టెలో పన్నెండు మంది ఎక్కి, పైది ఖాళీగా ఉందనుకుంటే, మనిషికి 70 కిలోల లెక్కన 840 కిలోల తేడా. అంటే సుమారు 900 నుంచి 1,000 లీటర్ల నీళ్లు చాలు. ఆ నీటిని 37 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి సిద్ధాంతం ప్రకారం పట్టే విద్యుత్తు యూనిట్‌లో పదో వంతు. పంపు నష్టాలు కలిపినా పావు యూనిట్ దాటదు. పైన కూడా జనం ఉంటే ఇంకా తక్కువ. మొదట్లో ఈ పంపును గ్యాస్ ఇంజన్ నడిపేది, తర్వాత కరెంటు మోటారు వచ్చింది. లిఫ్ట్ సూత్రం మాత్రం మారలేదు.

ఇదే ఇంజనీరు డెవన్‌లో లింటన్-లిన్‌మత్ దగ్గర చేసిన లిఫ్ట్‌తో పోలిస్తే సాల్ట్‌బర్న్ ప్రత్యేకత, పరిమితి రెండూ తెలుస్తాయి. 1890లో మొదలైన ఆ లిఫ్ట్ 500 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. అక్కడ కొండ మీద నుంచే నది పారుతుంది. నీరు ఊరికే వస్తుంది, వాడాక కింద వదిలేస్తారు. పంపు అవసరమే లేదు. సాల్ట్‌బర్న్‌లో ఆ సౌకర్యం లేదు, నీటిని మళ్లీ మళ్లీ పైకి తోడాల్సిందే. ఇంగ్లండ్‌లో ఇలాంటి నీటి లిఫ్టులు ఒకప్పుడు చాలానే ఉండేవి. బ్రిడ్జ్‌నార్త్ 1944లో విద్యుత్తుకు మారింది. ఫోక్‌స్టన్‌లోని 1885 నాటి లిఫ్ట్ 2017లో ఆగిపోయింది. బ్రిటన్‌లో నీటితో నడుస్తున్నవాటిలో పాతది సాల్ట్‌బర్న్‌దే.

ఇన్నేళ్లు ఎందుకు బతికిందంటే ఒక కారణం దాని చిన్నతనం. 207 అడుగుల పట్టాలు, రెండు పెట్టెలు, ఒక చక్రం. ఏ భాగం అరిగినా మార్చుకోవచ్చు. 1998లో పెద్ద చక్రాన్నే మార్చారు. పెట్టెల రంగు అద్దాల కిటికీల్ని తర్వాత పాత పద్ధతిలో మళ్లీ చేయించారు. రెండో కారణం చోటు. లిఫ్ట్ దిగితే ఎదురుగా పియర్. ఒకటి మూసేస్తే రెండోదానికి వచ్చే జనం తగ్గుతారు కాబట్టి రెండింటినీ కలిపే చూసుకోవాల్సి వచ్చింది.

పియర్ ఎలా మిగిలింది

పియర్ అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి ఇనుప స్తంభాల మీద సాగే వంతెన లాంటి నడకదారి. యార్క్‌షైర్ తీరంలో విక్టోరియా కాలంలో కోథమ్, రెడ్‌కార్, సాల్ట్‌బర్న్, స్కార్‌బ్రో, హార్న్‌సీ, విదర్న్‌సీల్లో ఇవి కట్టారు. ఇప్పుడు సాల్ట్‌బర్న్‌ది తప్ప ఒక్కటీ లేదు. స్కార్‌బ్రోది 1905లో తుఫానుకు పోయింది. విదర్న్‌సీ పియర్‌ను ఓడలు వరసగా గుద్ది గుద్ది పొట్టిది చేశాయి, చివరికి ఏమీ మిగల్లేదు. రెడ్‌కార్ పియర్ ఎక్కువ కాలమే నిలిచినా 1980ల మొదట్లో తీసేశారు.

సాల్ట్‌బర్న్ పియర్‌కూ ఇదే గతి పట్టాలి. జాన్ ఆండర్సన్ అనే ఇంజనీరు కట్టించిన ఈ పియర్ 1869 మేలో తెరిచినప్పుడు పొడవు 1,500 అడుగులు. మొదటి ఆరు నెలల్లో దాదాపు 50 వేల మంది టోల్ కట్టి నడిచారు. అంత పొడవు ఎందుకంటే ఇక్కడి ఇసుక తీరం చాలా మెల్లగా లోతవుతుంది. విహార స్టీమర్లు వచ్చి ఆగాలంటే కొసను లోతు నీటి దాకా తీసుకెళ్లక తప్పదు. కానీ లోతు నీటిలోనే అలల దెబ్బ కూడా ఎక్కువ. 1875 తుఫానుకు కొస, స్టీమర్ల మెట్టు కొట్టుకుపోయాయి. మరమ్మతు చేసి 1,250 అడుగులతో సరిపెట్టారు.

ఆ నిర్ణయం పియర్ పనినే మార్చేసింది. ఆ తర్వాత అది స్టీమర్లు ఆగే రేవు కాదు, జనం షికారు చేసే దారి మాత్రమే. షికారుకు ఇంత పొడవుండాలన్న నియమం లేదు. 1924లో ఓవెన్‌బెగ్ అనే ఓడ పియర్‌ను చీల్చుకుని వెళ్లి మధ్యలో 210 అడుగుల ఖాళీ మిగిల్చింది. దాన్ని పూడ్చడానికి కొన్నేళ్లు పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులు దిగడానికి పనికిరాకుండా ప్రభుత్వమే మధ్యలో కొంత భాగం తీసేయించింది. యుద్ధం అయ్యాక కట్టారు, మళ్లీ గాలివాన, మళ్లీ మరమ్మతు. 1974 అక్టోబరులో కొస మరోసారి కూలిపోయింది.

1975లో స్థానిక కౌన్సిల్ పియర్‌ను కూల్చేయడానికి అనుమతి అడిగింది. ఊరివాళ్లు ఎదురు తిరిగారు, బహిరంగ విచారణ జరిగింది. తీర్పు మధ్యేమార్గంగా వచ్చింది: సముద్రం వైపు పాడైన 13 స్తంభాల వరసలు తీసేయండి, మిగతాది ఉంచండి. 1978లో 681 అడుగుల పియర్ తెరుచుకుంది. మొదటి పొడవులో సగం కూడా లేదు. కానీ దెబ్బలు తినే కొస పోవడంతో మిగిలింది నిలబడింది. 2000 తర్వాత జాతీయ లాటరీ వారసత్వ నిధితో గట్టి మరమ్మతులు జరిగాయి. చట్టపరమైన రక్షణ ఉన్న కట్టడాల్లో పై వరుసలో దీనికి చోటుంది.

2012లో ఎవరో రాత్రికి రాత్రి పియర్ రెయిలింగ్ పొడవునా ఊలుతో అల్లిన ఒలింపిక్ ఆటగాళ్ల బొమ్మలు కట్టి వెళ్లారు. ఆ తర్వాత ఊలు బొమ్మలు మళ్లీ మళ్లీ ప్రత్యక్షమవుతూ వచ్చాయి. పైసా ఖర్చు లేని ఈ ప్రచారం ఏ టూరిజం శాఖకూ తట్టి ఉండేది కాదు.

వంతెన ఎందుకు మిగల్లేదు

కుదించుకుంటే బతకొచ్చన్న సూత్రం అన్నిటికీ పనిచేయదు. స్కెల్టన్ బెక్ అనే వాగు లోయ మీద 1869లోనే కట్టిన హాఫ్‌పెన్నీ వంతెన అందుకు ఉదాహరణ. 120 అడుగుల ఎత్తున ఇనుప స్తంభాల మీద నడిచేవాళ్ల కోసం కట్టారు. దాటడానికి అర పెన్నీ టోల్ కాబట్టి ఆ పేరు. కట్టేటప్పుడు ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఊరి ఫొటోల్లో దశాబ్దాల పాటు పియర్‌తో సమానంగా కనిపించింది. ఇనుము తుప్పు పట్టింది, మరమ్మతు ఖర్చు భరించలేమన్నారు. 1974 డిసెంబరులో పేలుడు పదార్థాలతో కూల్చేశారు.

పియర్ కొస కూలిన రెండు నెలలకే ఈ కూల్చివేత జరిగింది. రెండూ ఒకే ఏడాది పుట్టిన ఇనుప కట్టడాలు, ఒకే శీతాకాలంలో ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. పియర్‌ను సగానికి కోసినా అది పియరే. వంతెనను సగానికి కోస్తే దేనికీ పనికిరాదు. పూర్తిగా బాగుచేయాలి లేదా పూర్తిగా వదిలేయాలి. వంతెన పోగొట్టుకున్న కోపం పియర్ ఉద్యమానికి ఊపునిచ్చిందని అనుకోవడంలో తప్పులేదు.

మిగతా ఊళ్లు ఎక్కడ దెబ్బతిన్నాయి

ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల పతనానికి సాధారణంగా చెప్పే కారణం విమానం. 1960ల నుంచి చవక ప్యాకేజీ టూర్లు స్పెయిన్ ఎండను కార్మిక కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చాయి. వారం రోజులు చలిగాలిలో స్వెట్టర్ వేసుకుని బీచ్‌లో కూర్చునే సెలవు అక్కర్లేకపోయింది. ఇది నిజమే కానీ సగం నిజం. పర్యాటకులు తగ్గాక ఏం జరిగిందన్నది అంతకంటే ముఖ్యం.

ఖాళీ అయిన గెస్ట్‌హౌస్‌లను యజమానులు గదులుగా చీల్చి చవక అద్దెలకు ఇచ్చారు. ఎక్కడా నిలదొక్కుకోలేనివాళ్లు అక్కడికి చేరారు. బ్రిటిష్ ప్రభువుల సభ కమిటీ 2019లో సముద్రతీర పట్టణాల మీద ఇచ్చిన నివేదిక ఈ అద్దె గదుల సమస్యనూ, లైను చివర ఉన్న ఊళ్లకు రవాణా సరిగా లేకపోవడాన్నీ ఎత్తి చూపింది. 2021లో ఇంగ్లండ్ ముఖ్య వైద్యాధికారి క్రిస్ విట్టీ తన వార్షిక నివేదిక మొత్తాన్నీ తీరప్రాంతాల ఆరోగ్యం మీదే రాశారు. పట్టణానికి ఒక పక్కంతా సముద్రమే కావడం వల్ల ఉద్యోగం కోసం వెళ్లగలిగే దూరం సగానికి పడిపోతుంది. వైద్యులు, టీచర్లు దొరకడం కూడా కష్టం.

సాల్ట్‌బర్న్ కూడా లైను చివరి ఊరే. తేడా ఏమిటంటే ఆ లైను బతికే ఉంది. 1960లలో బ్రిటన్‌లో వేల మైళ్ల రైలు మార్గాలు మూసేసినప్పుడు చాలా తీరపట్టణాలు స్టేషన్లు పోగొట్టుకున్నాయి. ఈ తీరం వెంట ఇంకా దక్షిణాన విట్బీ దాకా వెళ్లే మార్గం అంతకు ముందే, 1958లో మూతపడింది. సాల్ట్‌బర్న్ నుంచి మిడిల్స్‌బ్రో, డార్లింగ్టన్‌లకు మాత్రం రోజూ తిరిగివచ్చే సర్వీసులు ఆగలేదు. పర్యాటకులు తగ్గిన చోటును ఉద్యోగులు నింపారు. ఇక్కడ ఇల్లు, మిడిల్స్‌బ్రోలో పని. విహారపట్టణంగా పుట్టిన ఊరు ఉద్యోగుల నివాసపట్టణంగా మారింది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. చుట్టుపక్కల ప్రాంతం బాగుపడలేదు. 2015లో రెడ్‌కార్ ఉక్కు కర్మాగారం మూతపడినప్పుడు రెండు వేలకు పైగా ఉద్యోగాలు నేరుగా పోయాయి. టీస్ ఒడ్డున ఇనుము కరిగించే పని 160 ఏళ్లకు పైగా సాగి అక్కడితో ముగిసింది. సాల్ట్‌బర్న్ మెరుగ్గా కనిపించడంలో కొంత పాత్ర పక్క ఊళ్లతో పోలికది. ఆ ప్రాంతంలో స్తోమత ఉన్నవాళ్లు ఇక్కడ ఇల్లు కొంటున్నారు. దాంతో ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడే ఇల్లు కొనడం కష్టమవుతోంది.

సముద్రం వాడకం కూడా మారింది. ఉత్తర సముద్రపు నీరు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది. కానీ మందపాటి రబ్బరు సూట్లు వచ్చాక చలి అడ్డం కాలేదు. అలలు బాగా లేచే శరత్, శీతాకాలాల్లోనే సర్ఫింగ్‌కు జనం వస్తారు. ఈశాన్య ఇంగ్లండ్‌లో సర్ఫర్లకు ఇది పేరున్న చోటు. రెండు నెలల వేసవి సీజన్ మీద బతికిన ఊరికి ఏడాది పొడవునా వచ్చే ఈ జనం పెద్ద ఊరట. ఇక్కడి చదునైన ఇసుకకు అంతకు ముందూ ఒక ఉపయోగం ఉండేది. 1922లో కారు రేసర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ సన్‌బీమ్ కారులో ఇదే ఇసుక మీద గంటకు 138 మైళ్ల వేగం అందుకున్నాడు. టైమింగ్ పద్ధతి సరిపోలేదని అధికారిక రికార్డుగా మాత్రం ఒప్పుకోలేదు.

గని నీళ్లు, జారే మట్టి

ఊరిని కట్టిన ఇనుమే తర్వాత ఒక సమస్యగా తిరిగొచ్చింది. క్లీవ్‌లండ్ ఇనుప గనుల్లో చివరిది నార్త్ స్కెల్టన్, 1964లో మూతపడింది. గని నడిచినంత కాలం నీటిని తోడేస్తారు. మూసేశాక పంపులు ఆపేస్తారు. భూమి లోపలి సొరంగాలు మెల్లగా నిండుతాయి. అక్కడి రాతిలో ఇనుము, గంధకం కలిసిన ఖనిజం గాలికీ నీటికీ తగిలి కరుగుతుంది. సొరంగాలు నిండడానికి సుమారు 35 ఏళ్లు పట్టింది. 1999లో ఆ నీరు సాల్ట్‌బర్న్ గిల్ అనే వాగులోకి బయటపడింది. గాలి తగలగానే కరిగిన ఇనుము తుప్పుగా మారి వాగు అడుగంతా నారింజ రంగుకు తిరిగింది. ఆ నీరు స్కెల్టన్ బెక్ గుండా బీచ్‌కే చేరుతుంది. గని నీటిని తోడి, ఇనుమును పేరబెట్టి, శుభ్రమైన నీటిని వదిలే శుద్ధి కేంద్రం వచ్చేదాకా పరిస్థితి మారలేదు. తోడడం ఆపితే నీరు మళ్లీ ఉబుకుతుంది. అందువల్ల ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

కొండ సంగతి వేరు. ఊరికి తూర్పున ఉన్న హంట్‌క్లిఫ్ గట్టి రాతి పొరలతో నిలువుగా లేచి ఉంటుంది. అడుగున అలలు కోస్తుంటే పైనుంచి బండలు విరిగి పడతాయి. 4వ శతాబ్దం చివర్లో రోమన్లు సముద్రపు దొంగల మీద నిఘాకు అక్కడ ఒక కావలి కోట కట్టారు. ఇప్పుడు దాని గుర్తు కూడా దాదాపు లేదు, నేలతో సహా సముద్రంలోకి పోయింది. ఊరు నిలబడ్డ వైపు మాత్రం హిమానీనదాలు వదిలిపోయిన బంకమట్టి. అది విరగదు, జారుతుంది. వాన నీరు లోపలికి ఇంకి మట్టి బరువెక్కితే వాలు మెల్లగా కిందికి కదులుతుంది.

ఇదే రకం మట్టి ఉన్న దక్షిణాది హోల్డర్‌నెస్ తీరంలో సముద్రం ఏడాదికి సగటున ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల భూమిని మింగుతోంది. సాల్ట్‌బర్న్‌లో అంత వేగం లేకపోవడానికి ఒక కారణం కింద ఉన్న గోడ, ప్రొమెనేడ్ (తీరం వెంట నడకదారి). షికారు కోసం కట్టినవి అనిపించినా కొండ పాదాన్ని అలల నుంచి కాపాడుతున్నది అవే. పైనుంచి ఇంకే నీటికి మాత్రం గోడ అడ్డం కాదు. డ్రైనేజీ సరిగా ఉంచుకోవడమే దానికి మార్గం.

ఇక ముందు

లిఫ్ట్, పియర్ రెండూ రెడ్‌కార్ అండ్ క్లీవ్‌లండ్ కౌన్సిల్ చేతిలో ఉన్నాయి. లిఫ్ట్ టికెట్ డబ్బు రోజువారీ ఖర్చుకు సరిపోయినా, చక్రమో, ట్యాంకో మార్చాల్సి వచ్చినప్పుడు చాలదు. ఇలాంటి పెద్ద ఖర్చులకు ఇంతకాలం లాటరీ నిధి వంటి బయటి డబ్బే ఆదుకుంది. ఇంగ్లండ్ స్థానిక సంస్థల బడ్జెట్లు 2010 తర్వాత గట్టిగా కుదించుకుపోయాయి. వృద్ధుల సంరక్షణ, పిల్లల సంక్షేమం వంటి తప్పనిసరి బాధ్యతలు ముందు తీరాలి. పియర్ తప్పనిసరి పద్దు కాదు.

ఇక పియర్ విషయంలో 1975 నాటి మార్గం ఎన్నిసార్లు పనిచేస్తుందన్నది అసలు ప్రశ్న. కొస పాడైతే కొస తీసేసి మిగతాది ఉంచడం అప్పట్లో తేలికైంది, ఎందుకంటే వదులుకోవడానికి వందల అడుగులున్నాయి. సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ తుఫాను అలలు ఒడ్డుకు మరింత దగ్గరగా విరుగుతాయి. అప్పుడు దెబ్బ కొసకే పరిమితం కాదు, మధ్య స్తంభాల మీదా పడుతుంది. ఇంకో మూడు వందల అడుగులు పోతే మిగిలేది నాలుగు వందల అడుగులు కూడా ఉండదు. కాబట్టి రాబోయే పెద్ద తుఫాను తర్వాత కౌన్సిల్‌కు కోసి సరిపెట్టుకునే వీలు 1975లో ఉన్నంతగా ఉండదు. బాగుచేయడమా, వదిలేయడమా అన్నది నేరుగా తేల్చుకోవాల్సి రావచ్చు.